నెలకి వంద చందా, ఓటు మాత్రం లేదు: బరంపురంలో మా వీధి సంఘం గురించి ఆరేళ్ల అనుభవం

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి ఉద్యోగానికో పిల్లల చదువుకో ఒడిశాలోని బరంపురం వచ్చి ఇల్లు వెతుక్కునేవాళ్లు మా వీధిలో అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, కుళాయి ఎన్నింటికి వస్తుంది అన్నీ అడిగాక ఇంటివాళ్లు చివర్లో చెప్పే ఒక్క మాట దగ్గర ఆగిపోతారు. "నెలకి వంద రూపాయలు వీధి సంఘానికి కట్టాలండీ" అని. ఏ సంఘం, ఎందుకు, కట్టకపోతే ఏం చేస్తారు అని నన్నే ఇప్పటికి అయిదారుగురు అడిగారు, ఎందుకంటే వీధి మొదట్లో అప్పడాలు, వడియాల కొట్టు మాదే, అడ్రసు కోసం అందరూ ఆగేది మా అరుగు దగ్గరే. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. 2019 నుంచి కడుతున్నాను, ఇంటికి వంద, కొట్టుకి నూట యాభై. రసీదులన్నీ ఒక డబ్బాలో దాచాను.

ముందే చెప్పేస్తాను. చేరండి. ఆ డబ్బు ఊరికే పోదు. కానీ చేరేరోజే "అద్దెకున్నవాళ్లకి ఓటు ఉందా" అని అడగండి, ఎందుకంటే మా సంఘంలో లేదు, ఆ సంగతి నాకు మూడేళ్లు చందా కట్టాక తెలిసింది, అది కూడా నిండు మీటింగులో.

సంఘం ఎలా పుట్టిందో మా పక్కింటి పెద్దాయన చెప్తుంటారు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా దసరా రోజులు. గోపాల్‌పూర్ మాకు బస్సులో అరగంట దారి. తెల్లారేసరికి వీధిలో చెట్లు అడ్డంగా పడి ఉన్నాయట, స్తంభాలు వంగిపోయాయట, కరెంటు రావడానికి రోజులకి రోజులు పట్టిందట. ఎవరి గొడ్డలి వాళ్లు తెచ్చి కొమ్మలు కొట్టి దారి చేసుకున్నారు, జనరేటర్ ఉన్న ఒక్క ఇంట్లో వీధి మొత్తం ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నారు. ఆ పని చేసిన వాళ్లే మరుసటేడు కూర్చుని సంఘం రిజిస్టర్ చేయించారు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 1860 నాటిది, ఏడుగురు సంతకం పెడితే చాలు. ఆ ఏడుగురిలో నలుగురు తెలుగువాళ్లు, ముగ్గురు ఒడియావాళ్లు. అప్పుడు రాసుకున్న నియమాల్లో "సభ్యుడు అంటే వీధిలో సొంత ఇల్లు గానీ సొంత షాపు గానీ ఉన్నవాడు" అని పెట్టారు. ఆ రోజుల్లో మా వీధిలో అద్దె ఇళ్లు తక్కువ, అందుకని ఎవరికీ తట్టి ఉండదు. ఇప్పుడు సగం పైగా అద్దెవాళ్లమే.

సంఘం పుస్తకం ఒకసారి నా చేతికి వచ్చింది. పెద్ద సైజు రిజిస్టరు, ఎర్ర గుడ్డ అట్ట. మొదటి యాభై అరవై పేజీలు తెలుగులో ఉన్నాయి, గుండ్రటి చేతిరాత, ప్రతి తీర్మానం కింద సంతకాలు. తర్వాత ఒక పేజీ నుంచి అంతా ఒడియా. అడిగితే పెద్దాయన చెప్పారు, తెలుగులో రాసే ఆయన పోయారు, మిగిలిన మావాళ్లకి తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు, పిల్లలు ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నారు. నేను ఇచ్ఛాపురంలో పదో తరగతి దాకా తెలుగులో చదివాను కాబట్టి ఆ పాత పేజీలు చదవగలిగాను, ఆ వీధిలో పుట్టి పెరిగిన కుర్రాళ్లు చదవలేకపోయారు. 1936 ఏప్రిల్ 1 దాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, తాతల కాలం దస్తావేజులు ఇప్పటికీ ఇళ్లలో తెలుగులో ఉన్నాయి, చదివేవాళ్లు లేరు. నా మనసుకి కష్టం అనిపించింది, అందుకే ఇంత రాశాను. ఇప్పుడు మాత్రం సంఘం నోటీసు రెండు భాషల్లోనూ అంటిస్తున్నారు, తెలుగు కాపీ నేనే రాసి ఇస్తాను, దానికి సెక్రటరీ గారు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఇక సంఘం ఏం చేస్తుందో చెప్పాలంటే మురుగు కాలువ కథే చెప్పాలి, ఎందుకంటే మంచీ చెడూ రెండూ అందులోనే ఉన్నాయి.

2022 వానాకాలంలో ఒక రాత్రి మూడు గంటలు ఏకధాటిగా కురిసింది. వేకువన లేచి కొట్టు గది తలుపు తీస్తే పాదం మునిగేంత నీళ్లు, నల్లగా, వాసన చెప్పలేను. ముందురోజు మిల్లు నుంచి వచ్చిన మినప్పిండి బస్తా బల్ల మీద పెట్టాలని అనుకుంటూనే కింద వదిలేశాను. చెయ్యి పెడితే అడుగు సగం ముద్దలా తగిలింది. అప్పడాల పని తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, తడి తగిలిన పిండి పనికిరాదు, పై సగం బాగానే కనిపించినా ఆ వాసన పట్టేస్తుంది, ఇంగువ ఎంత వేసినా పోదు. బస్తా మొత్తం పారబోశాను. బరంపురం అప్పడం అంటే కొనేవాళ్లు ముందు వాసన చూస్తారు, తర్వాతే ధర అడుగుతారు. ఆ వారం ఎండా లేదు, పిండీ లేదు, పనికొచ్చే ఇద్దరు ఆడవాళ్లకి కూలీ ఇవ్వాలి. చాలా టెన్షన్ పడ్డాను.

సంఘానికి చెప్పాను. ఆ సాయంత్రమే ముగ్గురు వచ్చి చూశారు, ఇది మెచ్చుకోవాలి, ఫోన్ చేసిన రోజే వచ్చారు. కానీ వచ్చినవాళ్లు కాలువ పలక ఒక్కటి కూడా ఎత్తకుండానే మా కొట్టుకి ఎదురుగా పొద్దున్నే బండి పెట్టే మౌసీ (అంటే పిన్ని) వైపు చూపించారు. ఆవిడ ఇడ్లీ, బరా (మన గారెల్లాంటివి), ఘుగుని (బఠాణీ కూర) అమ్ముతుంది, ఆకు దొప్పల్లో పెట్టి ఇస్తుంది. "ఈ దొప్పలే కాలువలో పడి అడ్డం పడుతున్నాయి" అన్నారు. నేను రోజూ ఎదురుగా కూర్చుని చూస్తాను కదా, ఆవిడ బండికి రెండు పక్కలా రెండు డబ్బాలు కట్టుకుంటుంది, తినేవాళ్లు దొప్ప రోడ్డు మీద వేస్తే తనే ఏరి డబ్బాలో వేస్తుంది. అదే చెప్పాను. సరే, మీటింగులో మాట్లాడదాం అన్నారు.

మీటింగు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి పెట్టారు. ఆ టైమ్‌కి వీధిలో ఆడవాళ్లు ఎవరు వస్తారు, వంట, పిల్లల అన్నాలు, అన్నీ అప్పుడే. నాతో కలిపి ముగ్గురం. బండి రెండు రోజుల్లో తీయించాలని తీర్మానం చదివారు. నేను లేచాను. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, బండి తీయించే అధికారం మన సంఘానికి అసలు లేదు, ఆ అధికారం ఉన్న ఆఫీసు అయినా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి అని చెప్పాను. ఇది నేను ఎక్కడో విన్న ముక్క కాదు. 2020లో వీధి వ్యాపారులకి అప్పులిచ్చే కేంద్ర పథకం పీఎం స్వనిధి కింద పది వేల అప్పుకి మౌసీ దరఖాస్తు పెట్టినప్పుడు మా అమ్మాయే ఒడియాలో ఫారం నింపింది, అప్పుడు ఆవిడ గుర్తింపు కాగితాల కోసం తిరిగిన తిరుగుడులో ఈ విషయాలన్నీ మాకు తెలిశాయి. వీధి వ్యాపారాల సంగతి చూసే ఊరి వెండింగ్ కమిటీలో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని కూడా అదే చట్టంలో ఉంది, మనలాంటి వీధి సంఘాలకి కూడా ఆ కమిటీలో చోటు ఇవ్వాలని ఉంది. అంటే చట్టం మమ్మల్నీ మౌసీనీ ఒకే బల్ల దగ్గర కూర్చోమంటోంది, మేమేమో ఆవిడ లేకుండానే ఆవిడ గురించి తీర్మానం చేస్తున్నాం.

నేను ఇంత చెప్పాక ఒకాయన, పెద్దవాడే, కోపంగా కూడా కాదు, మామూలుగానే అన్నారు: "అమ్మా, మీరు అద్దెకున్నవారు కదా, మీ మాట విన్నాం, ఓటింగు మాత్రం సభ్యులదే." చేతులెత్తమన్నారు. పదకొండు మంది తీసేయమన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. నేను చెయ్యి దించుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి రసీదుల డబ్బా తీసి చూసుకున్నాను, మూడేళ్ల రసీదులు, ఒక్కదాని మీద కూడా "సభ్యురాలు" అని లేదు, "చందాదారు" అని ఉంది. అప్పటిదాకా ఆ తేడా గమనించలేదు.

మౌసీ బండి మూడో వీధి మలుపుకి మార్చుకుంది. గొడవెందుకు అనుకుంది పాపం. అక్కడ పొద్దుటి బేరం సగం కూడా ఉండేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇరవై రోజుల తర్వాత సెక్రటరీ గారు పెట్టిన ఉత్తరం మీద కాలువ తీయడానికి మనుషులు వచ్చారు. వీధి మొదటి నుంచి పలకలు ఎత్తుకుంటూ వచ్చారు, నేను పని మానుకుని చూస్తూ నిలబడ్డాను. ఇసుక వచ్చింది, గట్టిపడిన సిమెంటు వచ్చింది, పగిలిన టైల్సు, పాత పరుపులో దూది, పాల ప్యాకెట్లు, ఒక స్కూలు బూటు. దొప్పలు వచ్చాయా అంటే వచ్చాయి, అన్నీ కలిపితే ఒక చేతికి పట్టేన్ని. మా కొట్టు దాటి నాలుగో ఇంటి దగ్గరికి వచ్చేసరికి గడ్డపార ఠంగుమంది. రెండడుగుల వెడల్పు కాలువ అక్కడ ఒక్కసారిగా మూసుకుపోయింది. బండి లోపలికి ఎక్కించుకోవడానికి ఇంటివాళ్లు ర్యాంపు కట్టుకున్నారు, కట్టేటప్పుడు ఇటుకలు, సిమెంటు కాలువ లోపలికే దింపేసి, నీళ్లు పోవడానికి నాలుగంగుళాల గొట్టం ఒక్కటి వదిలారు. వీధిలో నలభై ఇళ్ల నీళ్లు ఆ గొట్టంలోంచి పోవాలి. అలాంటివి మొత్తం మూడు దొరికాయి. ఆ మూడింటిలో ఒకటి సంఘం ఉపాధ్యక్షుడి గారి ఇంటి ముందుదే.

ఆయన గురించి ఇక్కడ రాయకపోతే తప్పవుతుంది. ఆయన అక్కడే నిలబడి చూశారు, ఏమీ అనలేదు, మూడో రోజు మేస్త్రీని పిలిపించి తన ర్యాంపు తనే పగలగొట్టించారు, దాని స్థానంలో ఇనుప జాలీ వేయించుకున్నారు, ఎత్తితే వచ్చేలా. మిగతా ఇద్దరూ ఆయన్ని చూసే ఒప్పుకున్నారు, ఒకళ్లు ఫిబ్రవరి దాకా నానబెట్టారు అనుకోండి, కానీ చేశారు. మౌసీ దగ్గరికి సెక్రటరీ గారు స్వయంగా వెళ్లి, పాత చోటికే రమ్మని చెప్పి వచ్చారు. ఆవిడ పోగొట్టుకున్న ఇరవై రోజుల బేరం ఎవరూ ఇవ్వలేదు. తర్వాత వానాకాలాలు మూడు గడిచాయి, మా గదిలోకి నీళ్లు రాలేదు. అందుకే చందా దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సెక్రటరీ గారి ఉత్తరాల పద్ధతి గురించి కూడా చెప్పాలి, మా సంఘంలో అన్నిటికన్నా బాగా నడిచేది అదే. ఆయన రిటైరైన క్లర్కు. ఏ ఫిర్యాదైనా నోటితో చెప్పనివ్వరు, కాగితం మీద పెట్టమంటారు. ఏ స్తంభం, దాని మీద నంబరు ఎంత, ఎన్ని రోజుల నుంచి దీపం వెలగడం లేదు, పక్కన ఏ ఇల్లు, అన్నీ. రెండు కాపీలు తీస్తారు, ఒకటి ఆఫీసులో ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుంటారు, పదిహేను రోజులకి ఆ కాపీ పట్టుకుని మళ్లీ వెళ్తారు. అంతే, ఇంకేమీ లేదు. అరవడం, పలుకుబడి ఉన్నవాళ్లతో ఫోన్లు చేయించడం ఆయనకి ఇష్టం ఉండదు. వీధి దీపాలు మా దగ్గర వారం పది రోజులకి మించి ఆరిపోయి ఉండవు. పక్క వీధిలో సంఘం లేదు, చీకట్లో చూసి నడవాలి.

చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లకి, ముఖ్యంగా ఇంట్లోంచి చేసుకునే ఆడవాళ్లకి, ఈ సంఘం వల్ల నిజంగా మేలు ఉంది. మా వీధిలో అప్పడాలు, పచ్చళ్లు చేసేవాళ్లం ఆరేడు ఇళ్లు ఉన్నాం, ఇద్దరు కుట్టుపని, ఒకాయన ఇంట్లో ఇంకా మగ్గం ఉంది, బరంపురం పట్టు నేస్తారు. ఆ పట్టుకి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కొంగు, అంచు మీద గుడి కట్టినట్టుండే ఫోడా కుంభం అనే నేత డిజైను చూస్తే మన పెళ్లిళ్లలో పెద్దవాళ్లు దూరం నుంచే పోల్చుకుంటారు. ఆయన దగ్గరికి కొనేవాళ్లని తీసుకొచ్చే పని కూడా సంఘం చెయ్యొచ్చు, ఇప్పటిదాకా చెయ్యలేదు. నా సంగతి చెప్తాను, ఆహార పదార్థాలు అమ్మడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు కావాలని తెలుసు గాని ఎక్కడికి వెళ్లాలో తెలీదు, ఒక మధ్యవర్తి రెండు వేలు అడిగాడు. సంఘంలో కుర్రాడు ఒకడు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయించాడు, ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్మకం ఉన్న నాలాంటివాళ్లకి అప్పుడు ఫీజు ఏడాదికి వంద రూపాయలే. ఆ ఒక్క పనితోనే ఏడాదిన్నర ఇంటి చందా తిరిగొచ్చినట్టు. బోర్డు విషయంలో కూడా అంతే. 2018లో చట్టం మార్చాక షాపు బోర్డు మీద ఒడియా తప్పనిసరి అయింది, మా మావయ్య గారి కాలం నాటి బోర్డు మొత్తం తెలుగే. తెలుగు తీసేయాలేమో అని భయపడ్డాం. తీసేయక్కర్లేదు, పైన ఒడియా రాయించి కింద తెలుగు ఉంచుకోండి అని సంఘంవాళ్లే చెప్పి, ఒకే పెయింటర్ని మాట్లాడి అయిదు షాపుల బోర్డులు ఒకేసారి రాయించారు, ధర తగ్గింది.

ప్లాస్టిక్ గురించి మాత్రం కొన్ని నెలలు గందరగోళం నడిచింది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని రకాలు ఆపేశారు, ఆ ఏడాది చివరి నుంచి చేతి సంచులు 120 మైక్రాన్ల కన్నా పలచగా ఉండకూడదన్నారు. మా వీధి కమిటీలో ఒకరు అప్పడాల ప్యాకెట్ల కవర్లు కూడా నిషేధమే అని అందరికీ చెప్పి భయపెట్టారు, నేను కొన్న కవర్ల బండిల్ అలాగే మూల పెట్టేశాను. తర్వాత తెలిసింది, సరుకు లోపల పెట్టి సీలు వేసిన ప్యాకింగ్ వేరు, సరుకు మోసుకెళ్లడానికి ఇచ్చే చేతి సంచి వేరు. తెలియని విషయం తెలిసినట్టు చెప్పకూడదు, ముఖ్యంగా నలుగురు నమ్మే చోట కూర్చున్నప్పుడు.

చెత్త బండి రోజూ వస్తుంది, తడి వేరు, పొడి వేరు, మందుల సీసాలు, బ్లేడ్ల లాంటివి వేరు అని ఇంటింటికీ తిరిగి చెప్పారు, చాలామంది చేస్తున్నారు, కొందరు చేయడం లేదు. మే నెలలో కుళాయి సన్నగా వచ్చే రోజుల్లో ట్యాంకరు పిలిపిస్తారు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే వరస పేపరు మీద రాసి గోడకి అంటిస్తారు, ఈరోజు వీధి మొదటి నుంచి మొదలైతే రేపు చివరి నుంచి, అద్దెవాళ్లా సొంతవాళ్లా అని చూడరు, మేడ మీద ఒంటరిగా ఉండే ముసలావిడ బిందెలు కుర్రాళ్లే మోసి పెడతారు. నీళ్ల దగ్గర అందరినీ సమానంగా చూడగలిగినవాళ్లు ఓటు దగ్గర ఎందుకు చూడలేకపోతున్నారో నాకు అర్థం కాదు.

డబ్బు లెక్కల్లో నాకు ఒక ఫిర్యాదు ఉంది, సూటిగా చెప్తాను. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది, దేశి బెహరా వీధిలో కట్టే తాత్కాలిక గుడికి అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు వస్తారు. ఆ రోజుల్లో బరంపురం చూసి తీరాలి, పులి వేషాలు, దేవుళ్ల వేషాలు వేసుకుని మొక్కులు తీర్చుకునేవాళ్లు, రాత్రంతా జనం. మా వీధి ఆ దారికి దగ్గర కాబట్టి బొమ్మలవాళ్లు, మిఠాయిలవాళ్లు, గాజులవాళ్లు వచ్చి దుకాణాలు పెట్టుకుంటారు. సంఘం మంచినీళ్లు పెడుతుంది, చెత్త ఎత్తిస్తుంది, తప్పిపోయిన పిల్లల కోసం మైకు పెడుతుంది, బాగా చేస్తుంది. దానికోసం ఒక్కో దుకాణం దగ్గర ఇంతని తీసుకుంటారు. తీసుకోవడం తప్పు కాదు, కానీ కిందటి యాత్ర లెక్క మీటింగులో గబగబా చదివేశారు, మొత్తం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, రెండే అంకెలు. ట్యాంకరు వరస గోడకి అంటించగలిగినప్పుడు యాత్ర లెక్క కూడా అంటించొచ్చు కదా. ఎవరో తిన్నారని నేను అనడం లేదు, సెక్రటరీ గారి మీద నాకు నమ్మకం ఉంది. కానీ బయటి ఊరి నుంచి వచ్చి గాజుల బుట్ట పెట్టుకున్న మనిషి దగ్గర తీసుకున్న ఏభై రూపాయలకి కూడా రసీదు ఉండాలి, ఆ రసీదులు కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు, ఇది నేను కళ్లారా చూశాను. మైకు కూడా రాత్రి పది దాటితే అనుమతి కావాలి, మేడ మీద ముసలావిడ ఆ యాత్ర రోజుల్లో నిద్రపోలేదు.

కొత్తగా వచ్చేవాళ్లు చేయాల్సింది ఇంతే. చందా నెలనెలా కట్టండి, ఏడాదికి ఒకేసారి కట్టినా తీసుకుంటారు, రసీదు అడిగి తీసుకోండి. ఫిర్యాదు ఉంటే వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకోకండి, అక్కడ పొద్దున్నే శుభోదయం బొమ్మల కింద కొట్టుకుపోతుంది, కాగితం మీద రాసి సెక్రటరీ గారికి ఇవ్వండి. ఒడియా రాయడం రాకపోతే తెలుగులో రాసివ్వండి, నేనో మా అమ్మాయో మార్చి రాసిస్తాం. ఇంటి ముందు ర్యాంపు కట్టేటప్పుడు దయచేసి జాలీ వేయించుకోండి. మీటింగులకి రండి, ఓటు లేకపోయినా రండి, కుర్చీలు ఖాళీగా ఉంటే అద్దెవాళ్లకి పట్టదు అనుకుంటారు. మీటింగు టైము సాయంత్రం అయిదుకి మార్చాలని మేం అడిగాం, రెండుసార్లు మార్చారు, ఆ రెండుసార్లూ ఆడవాళ్లం పదిహేను మంది దాకా వచ్చాం.

ఎవరైనా అయిదుకి ఎన్ని ఇస్తావు అంటే మూడున్నర ఇస్తాను. దీపాలకి, ఉత్తరాలకి, నీళ్లకి, నా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితానికి ఆ మార్కులు. మిగతా ఒకటిన్నర వాళ్ల చేతుల్లోనే ఉంది.

కిందటి నెల మేం ఒక దరఖాస్తు రాశాం. నియమాల్లో "సొంత ఇల్లు గానీ సొంత షాపు గానీ ఉన్నవాడు" అన్న చోట "వీధిలో ఏడాదికి పైగా నివాసం ఉన్నవారు లేదా పని చేసుకుంటున్నవారు" అని మార్చాలని. తెలుగులో నేను రాశాను, ఒడియాలో మా అమ్మాయి రాసింది. ముప్ఫై ఒక్క సంతకాలు అయ్యాయి, ఇరవై రెండు అద్దె ఇళ్లవి, ఆరు వీధిలో బండ్లు, బుట్టలు పెట్టుకునేవాళ్లవి, మూడు సొంత ఇళ్లవాళ్లవి. ఆ మూడింటిలో ఒకటి ర్యాంపు పగలగొట్టించిన ఉపాధ్యక్షుడి గారిది. మౌసీకి సంతకం రాదు, బరాల పిండి చెయ్యి కడుక్కుని, చీర కొంగుకి తుడుచుకుని వేలిముద్ర వేసింది. సెక్రటరీ గారికి రెండు కాపీలు ఇచ్చాం, ఆయన పద్ధతి ప్రకారమే. ఒకటి తీసుకుని, రెండోదాని మీద తేదీ వేసి, "అందింది, జనరల్ బాడీలో పెట్టబడును" అని రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాపీ ఇప్పుడు నా రసీదుల డబ్బాలో అన్నిటికన్నా పైన ఉంది. పదిహేను రోజులకి అది పట్టుకుని మళ్లీ వెళ్తాను.